ఆ ‘వలె’ ఉండనివ్వండి

నా మిత్రుడొకడు హైదరాబాద్‌లో ఓ కంపెనీలో మేనేజరు. కిందటేడు వాళ్లకు రెండు రోజులు నాయకత్వ శిక్షణ పెట్టారు. మొదటి పూటే తెల్లకాగితాలు పంచి, ‘నాయకుడిగా మిమ్మల్ని మీరు దేనితో పోల్చుకుంటారు? బొమ్మ వేయండి’ అన్నారట. ఇరవై రెండు కాగితాల్లో ఆరు సింహాలు, నాలుగు గద్దలు, మూడు దీపస్తంభాలు, అయిదుగురు ఓడ కెప్టెన్లు. మిగతావాళ్లు పెన్సిలు కొరుకుతూ కూర్చున్నారు. ‘మీరు ఓడ ఎప్పుడైనా ఎక్కారా?’ అని పక్కనున్న కెప్టెన్‌ని మావాడు అడిగితే, ‘విశాఖలో ఒడ్డు మీంచి చూశాను’ అన్నాడట.

రెండు నెలలు తిరక్కుండానే అక్కడ ఉద్యోగాలు ఊడటం మొదలైంది. సింహాలకూ గద్దలకూ ఏం చెయ్యాలో పాలుపోలేదు. దీపస్తంభాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

నిజానికి ఆ ప్రశ్న మంచిదే. ముందు దారి కనబడని రోజుల్లో ఎవరైనా తనకు బాగా వచ్చిన పనిలోంచే కొత్త పనికి ఆనుపానులు వెతుక్కుంటారు. వచ్చిన చిక్కల్లా ఆ పోలికలు అరువు సొమ్ము కావడమే. అరువు నగ పెళ్లిలో మెరుస్తుంది గానీ తాకట్టుకు పనికిరాదు.

అబ్రహాం లింకన్ సంగతి చూడండి. ఆయనకు నది చేతులతో తెలుసు. 1828లో, ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే, సరుకు వేసిన బల్లకట్టు పడవ మీద మిసిసిపీ వెంట న్యూ ఆర్లీన్స్ దాకా వెళ్లాడు. 1831లో మళ్లీ బయల్దేరితే, న్యూ సేలం అనే ఊరి దగ్గర మరమిల్లు ఆనకట్ట మీద పడవ ఇరుక్కుపోయింది. ముక్కు గాల్లో, వెనక భాగం నీళ్లలో. లింకన్ కొంత సరుకు దింపించాడు, ముందువైపు ఒక కన్నం తొలిచాడు. లోపలికి చేరిన నీళ్లు ఆ కన్నంలోంచి కారిపోయాయి. కన్నానికి బిరడా కొట్టాడు, పడవ కట్ట దాటింది. మునుగుతున్న పడవకు కన్నం పెట్టడమేమిటని ఒడ్డున ఉన్నవాళ్లు అనుకునే ఉంటారు. ఇసుక మేటల్లో దిగబడ్డ పడవలను గాలితిత్తులతో పైకి తేల్చే ఉపాయం ఒకటి ఆలోచించి 1849లో దానికి పేటెంటు కూడా తీసుకున్నాడు. పేటెంటు ఉన్న అమెరికా అధ్యక్షుడు ఆయనొక్కడే.

తర్వాత దేశం రెండుగా చీలి, అంతర్యుద్ధం నడుస్తున్నప్పుడు, ముందు ముందు ఏం చెయ్యబోతున్నారని అడిగిన వాళ్లకు ఆయన చెప్పిన జవాబు ఒకటి ఉంది. జేమ్స్ బ్లెయిన్ అనే కాంగ్రెస్ సభ్యుడితో అన్నాడంటారు. మా పడమటి నదుల మీద పడవ నడిపేవాళ్లు ఒక మలుపు నుంచి కంటికి ఆనే మరో మలుపు దాకానే దారి చూసుకుంటారు, నేనూ అంతకుమించి పెట్టుకోలేదు అని దాని సారాంశం. వినడానికి తప్పించుకునే మాటలా ఉంటుంది. కానీ ఆ నదుల్లో ఇసుక మేట ఈ ఏడు ఉన్నచోట వచ్చే ఏడు ఉండదు. మన గోదావరిలో లాంచీ నడిపే సరంగును అడిగినా ఇదే చెబుతాడు.

ఆయన చేసిన పనిలో ఆ పోలిక కనబడుతుంది. 1861లో ఒక సేనాని మిస్సోరీలో తిరుగుబాటుదారుల బానిసలకు విముక్తి ప్రకటిస్తే, లింకనే దాన్ని రద్దు చేశాడు. సరిహద్దు రాష్ట్రాలు చేజారిపోతాయని భయం. ఏడాది తర్వాత, 1862 సెప్టెంబరులో, తానే ముందస్తు ప్రకటన ఇచ్చాడు. 1863 జనవరి 1న విముక్తి ప్రకటన. అదీ తిరుగుబాటు ప్రాంతాలకే. 1865 జనవరిలో, బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసే రాజ్యాంగ సవరణ ప్రతినిధుల సభ దాటింది. ఒక్కో మలుపూ చేరాకే తర్వాతి మలుపు.

దీనికి ఖరీదు లేకపోలేదు. పడవ మెల్లగా నడుస్తుంటే పైన కూర్చున్నవాడికి ఓపిక ఉంటుంది, అడుగున సంకెళ్లతో ఉన్నవాడికి ఎందుకుంటుంది? బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ ఈ నెమ్మదిని గట్టిగానే తిట్టాడు. 1876లో లింకన్ స్మారక సభలో మాట్లాడుతూ కూడా ఆ మాట దాచలేదు. బానిసత్వం పోవాలన్న మా వైపు నుంచి చూస్తే ఆయన మందకొడి, దేశం మొత్తం మనసు చూస్తే వేగిరపాటు మనిషి అన్నాడు. నాయకుడి పోలికను తూచాల్సింది ఇలాగే, పడవలో ఎవరెక్కడ కూర్చున్నారో చూసి.

ఇక్కడ నాకు మా తెలుగు మాస్టారు గుర్తొస్తారు. ఉపమాలంకారానికి నాలుగు అంగాలని బెత్తంతో బల్ల మీద లెక్కపెట్టి చెప్పేవారు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఆ నాలుగోది, ‘వలె’ అన్న చిన్న మాట, ఎగిరిపోయి రెండూ ఒకటేనని అభేదం చెబితే అది రూపకం. పరీక్షలో రెండు మార్కుల తేడా అది. రాజ్యాలు నడిపేచోట తేడా ఇంకా పెద్దది. ‘వలె’ ఉన్నంతసేపు, ఎంతవరకు పోలుతుంది, ఎక్కడ పోలదు అని అడగొచ్చు. అభేదం చెప్పేశాక అడగడానికి సందు ఉండదు.

నెహ్రూనే తీసుకోండి. గుళ్లూ గోపురాల మీద పెద్దగా నమ్మకం లేని మనిషి. 1954లో భాక్రా-నంగల్ దగ్గర నిలబడి భారీ ప్రాజెక్టులను ఈ కాలపు దేవాలయాలన్నాడు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసినప్పుడూ అదే పోలిక తెచ్చాడు. కరువులు చూసిన జనానికి అది అప్పుడు అవసరమైన మాటే. సాగర్ నీళ్లతో పండిన అన్నం తిని పెరిగిన వాళ్లలో నేనూ ఉన్నాను, కాదనను. కాకపోతే గుడి అన్నాక దణ్ణం పెడతాం గానీ లెక్కలడగం. మునిగిన ఊళ్ల సంగతీ, చివరి భూములకు నీళ్లందని సంగతీ గుడి మెట్ల మీద ఎవరు ఎత్తుతారు? ఇంకో తమాషా ఏమిటంటే, ఈ కొత్త దేవాలయం కింద నిజమైన ఆరామాలే మునిగాయి. ఇక్ష్వాకుల విజయపురి, నాగార్జునకొండ లోయలోని బౌద్ధ విహారాలు. నీళ్లు రాకముందే హడావుడిగా తవ్వి, దొరికినవాటిలో కొన్నిటిని కొండ మీదికి చేర్చారు. ఇప్పుడది దీవి, లాంచీలో వెళ్లి చూసి రావాలి.

నెహ్రూ గొప్పతనం నాకు కనబడేది ఆ తర్వాతే. 1958 నవంబరులో, నీటిపారుదల ఇంజనీర్ల ముందే, మనకు భారీతనమనే జబ్బు పట్టుకుంటోందని ఆయన హెచ్చరించాడు. తాను ఎగరగొట్టిన ‘వలె’ని నాలుగేళ్లకు తానే తెచ్చి పెట్టబోయాడన్నమాట. ఎవరూ వినలేదు. మొదటి మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, రెండోది మూలన పడింది.

దగ్గరి కాలంలోకొస్తే, 2020 మార్చిలో మహాభారత యుద్ధం పద్దెనిమిది రోజుల్లో గెలిచారు, కరోనా మీద యుద్ధం ఇరవయ్యొక్క రోజులని ప్రధాని అన్నారు. లాక్‌డౌన్ మే నెలాఖరు దాకా సాగింది. యుద్ధమన్నాక శత్రువుకు ఒక ముఖం కావాలి. దగ్గినవాడిని ఊళ్లోకి రానివ్వని రోజులు మనం చూశాం. నా మిత్రుడి కంపెనీలోనేమో ప్రతి మీటింగూ ‘మనమంతా ఒకే కుటుంబం’ అనే మొదలయ్యేది. ఏ ఇంట్లోనైనా రెండో కొడుక్కి ఈమెయిలు పంపి, సాయంత్రంలోగా ఐడీ కార్డు అప్పగించి పొమ్మంటారా?

మాది మగ్గం ఇల్లు. నేను ఆ పని తప్పించుకున్నాను, మా అక్క పదేళ్ల వయసు నుంచే కండెలు చుట్టింది. ఇప్పుడు ఒక జిల్లా పరిషత్ బడికి హెడ్మిస్ట్రెస్. ఆ బడి తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషులోకి మారాల్సొచ్చినప్పుడు టీచర్లలో సగంమందికి నిద్రపట్టలేదు. మిగతా సగం బదిలీకి అర్జీ రాసుకున్నారు. అక్క వాళ్లను కూర్చోబెట్టి మగ్గం సంగతి చెప్పింది. మగ్గం మీద పడుగు అయిపోవస్తే పాత పోగుల్ని మొదలంటా కోసెయ్యరు. అచ్చులో కొసలు మిగల్చుకుని, కొత్త పడుగులోని పోగును ఒక్కొక్కటే పాత కొసకు మెలిపెట్టి అతుకుతారు. కోసేస్తే మళ్లీ మొదట్నుంచీ ప్రతి పోగూ అచ్చు పళ్లలో దూర్చుకోవాలి. అందుకని ప్రతి పాఠం ముందు తెలుగులోనే చెప్పించింది, ఇంగ్లీషు మాటల్ని రోజుకు కొన్నిగా దానికి అతికించుకుంటూ వెళ్లమంది. ఈ పద్ధతి జీవోలో లేదు. పై అధికారి ఒకరు వచ్చి కేకలేసి పోయారు కూడా.

‘నీ మగ్గం బాగా పనిచేసిందక్కా’ అన్నాను మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు.

‘కొంతవరకేరా. పోగు తెగితే ముడేసుకుంటాం. పిల్లలు పోగులు కాదుగా’ అంది.

ఆ ఏడు ఏడో తరగతిలో ఇద్దరు ఆడపిల్లలు బడి మానేశారు. అక్క నాలుగుసార్లు వాళ్ల ఇళ్లకు వెళ్లింది. ఒకమ్మాయి తిరిగొచ్చింది.