నాలుగు గంటల దారి

బాన్సువాడ ప్రాంతపు పల్లెలలో నొక మాట తరచు వినవచ్చును. తల్లి చనిపోయిననాడు దుబాయిలోని కొడుకు రాలేకపోయినచో, "నాలుగు గంటల దారియే గదా, రాకూడదా?" అందురు. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని వలసకు మూడు పేర్లు పెట్టుకొన్న తెలంగాణమున సైతము ఈ మాట యనుట నాకు వింతగా తోచును. ఇందు కొంత లోపము మన భూగోళ పాఠములది.

నాలుగు గంటలనుట అబద్ధము కాదు. గోళముపై దారము బిగించి కొలిచినచో శంషాబాదునుండి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు. చదునైన పటముమీద కొలబద్ద పెట్టినచో సరియైన దూరము రాదు; దారము చూపునదే దగ్గర దారి. పోవునపుడు విమానము నాలుగు గంటలకు లోపుగా చేరును. వచ్చునపుడు పడమటి పైగాలి వెనుకనుండి త్రోయుటచే తరచు ఇంకను త్వరగా చేరును.

గడియారము మాత్రము దీనిని తలక్రిందులు చేయును. ఇచ్చట ఉదయము పదింటికి బయలుదేరి నాలుగు గంటలు ఎగిరినవానికి అచ్చట పండ్రెండున్నరయే! తిరుగుదారిలో పదింటికి బయలుదేరి మూడున్నర గంటలే యెగిరినను ఇచ్చట మూడు గంటలగును. మన ప్రామాణిక కాలము కాకినాడ చెంత పోవు 82½ డిగ్రీల రేఖాంశమునుబట్టి యేర్పడినది. వారిది 60 డిగ్రీలది. భేదము 22½, డిగ్రీకి నాలుగు నిమిషముల వంతున 90 నిమిషములు. దీనికి గ్రీనిచ్చిని ఉదాహరించుటకంటె, తండ్రి దుబాయినుండి ఫోను చేయు వేళను ఉదాహరించినచో బాలుడు మరువడు.

ఇక అసలు దూరము. బాన్సువాడకు రైలు లేదు. శంషాబాదుకు రోడ్డుమీద 180 కిలోమీటర్లకు అటునిటు; దానికే నాలుగు గంటలు. ఆకాశమున 2,550 కిలోమీటర్లకు పట్టు కాలము నేలమీద 180 కిలోమీటర్లకే పట్టుచున్నది! 2008లో విమానములు బేగంపేటనుండి నగరమునకు దక్షిణముననున్న శంషాబాదుకు మారుటతో, ఉత్తరమునుండి పోవు మనవారికి నగరమును దాటు పనియు తోడైనది. పూర్వము బొంబాయికి పోయి విమానమెక్కినవారు దీనిని సుఖమే యనుకొందురేమో.

ఆ కొడుకు సంగతి చూడుడు. సెలవు దొరకినది, టిక్కెట్టు చేతనున్నది అనుకొందము. రెండేండ్ల ఒప్పందముపై నున్న కూలివానికి ఆ రెండును ఒక్క పూటలో దొరకుట యెంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. రాత్రి తొమ్మిదింటికి అచ్చటి విమానాశ్రయము చేరి, మూడు గంటలు వేచి, అర్ధరాత్రి బయలుదేరినచో శంషాబాదులో తెల్లవారు ఐదు. పాసుపోర్టు తనిఖీ ముగిసి వెలుపలికి వచ్చుసరికి ఆరు. బాన్సువాడ చేరుసరికి పది దాటును. పల్లెలో శవమును అంతవరకు ఉంచుదురా?

ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లమీద చేయించి చూడవలెను. బయలుదేరు చోటు శంషాబాదని మాత్రము వ్రాయవలదు. బాన్సువాడ బస్టాండని వ్రాయుడు.