బిగించిన చెయ్యి

బాలలూ!

క్రితం వేసవిలో మా ఇంటికి అయిదు నక్షత్రాల ఏ.సి. కొన్నాను. యంత్రాన్ని ఎంచటానికి నాలుగు దుకాణాలు తిరిగాను గాని, బిగించే మనిషిని గురించి నాలుగు నిమిషాలు కూడా ఆలోచించలేదు. ఎవరు తక్కువ అడిగితే వారినే పిలిచాను. అతను గంటలో పని ముగించి వెళ్ళిపోయాడు.

పది రోజులకు గోడ వెంట నీరు కారి మా మనుమడి పుస్తకాలు తడిసిపోయినవి. నెల తిరిగేసరికి గది చల్లబడటం మానింది. అప్పుడు అనుభవం గల పనివాణ్ణి పిలిపించాను. అతను అంతా చూసి, "యంత్రంలో లోపం లేదండీ మాస్టారూ, బిగించటంలోనే ఉంది," అన్నాడు.

అదెలాగో చూడండి. ఏ.సి. చల్లదనాన్ని తయారుచేయదు, గదిలోని వేడిని మోసుకుపోయి బయట పారబోస్తుంది. రాగి గొట్టాలలో తిరిగే ద్రవం లోపలి పెట్టెలో ఆవిరి అవుతూ వేడిని పీల్చుకుంటుంది. బయటి పెట్టెలో మళ్ళీ ద్రవమై ఆ వేడిని వదిలేస్తుంది. ఈ రెండు పెట్టెలనూ గొట్టాలతో కలిపేది ఫ్యాక్టరీలో కాదు, మన ఇంట్లో! అంటే యంత్రం తయారీలో చివరి భాగం మన గోడ దగ్గరే జరుగుతుందన్న మాట.

గొట్టాలు కలిపిన చోట సన్నని సందు ఉన్నా గ్యాసు జారిపోతుంది. ఇప్పటి ఏ.సి.లలో చాలావాటిలో ఉండే ఆర్-32 అనే గ్యాసు, 100 ఏళ్ళ లెక్కన, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకన్న దాదాపు 675 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. నష్టం మన ఒక్క ఇంటితో పోదు.

గొట్టాలలో గాలీ, తేమా మిగిలినా యంత్రం చెడుతుంది. అందుకని మంచి పనివాడు ముందు పంపుతో గాలినంతా లాగేస్తాడు. అప్పుడొక తమాషా జరుగుతుంది. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుందని చదివారు గదా? ఒత్తిడి బాగా తగ్గితే గది వేడికే మరుగుతుంది! లోపలి తేమ ఆవిరై పంపు వెంట బయటికి పోతుంది. మొదట వచ్చినతను అసలు పంపే తేలేదు.

ఇక నీరు పల్లమెరుగు. బయటికి పోయే నీటిగొట్టానికి వాలు లేకపోతే అది మన గదిలోకే వస్తుంది.

వీటన్నిటికన్న నా గుండె ఝల్లుమన్నది మరొకందుకు. బయటి పెట్టెకు ఎర్తు తీగ కలపనే లేదు. లోపల కరెంటు లీకయినప్పుడు ఆ ఇనుప పెట్టెను ముట్టుకుంటే ప్రాణాపాయం. దాని పక్కనే మా మనుమడు రోజూ పూలకుండీలకు నీళ్ళు పోస్తాడు!

రెండో పనివాడు ఎర్తు కలిపాడు, సందులు సరిచేశాడు, పంపు పెట్టాడు, గ్యాసును తూచి నింపాడు. సగం రోజు పట్టింది. మొదట నేను ఆదా చేసిన దానికి మూడింతలు ఖర్చయింది.

తల్లిదండ్రులకు ఒక మనవి: బిగించే మనిషిని కూలి ఎంత అని అడిగే ముందు, పంపు తెస్తావా, ఎర్తు పరీక్షిస్తావా అని అడగండి.

బాలలూ, మీకొక పని. మీ ఇంట్లోగాని, తెలిసినవారింట్లోగాని ఏ.సి. ఉంటే, పెద్దలను తోడు తీసుకుని నీటిగొట్టం కింద గ్లాసు పెట్టండి. గంటలో ఎంత నీరు పడిందో ఎండరోజునా, ముసురు రోజునా కొలిచి రాసుకోండి. ఏ రోజు ఎక్కువ పడింది? ఎందుకు?