రాజోలు పిల్ల విలువ మద్రాసు చెప్పాల్సి వచ్చింది

"తెలుగమ్మాయిలు దొరకడం లేదండీ, ఏం చేస్తాం?" అంటూ మన నిర్మాతలు, దర్శకులు ఏళ్ల తరబడి పాడుతున్న పాట పచ్చి అబద్ధం. గుమ్మంలోకి వచ్చిన పిల్లను పట్టించుకోకుండా, పొరుగువాళ్లు నెత్తిన పెట్టుకున్నాక "మా అమ్మాయే" అంటూ పరుగెత్తినవాళ్లకు ఆ మాట అనే హక్కు లేదు. సాక్ష్యానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మా రాజోలు పిల్ల అంజలి ఉంది.

ఆమె మొదలుపెట్టింది తెలుగులోనే. 2006లో శివనాగేశ్వరరావు తీసిన 'ఫొటో', ఆ మరుసటేడు 'ప్రేమలేఖ రాశా'. రెండూ ఆడలేదు. సినిమా పోతే హీరోకి ఇంకో పది అవకాశాలొస్తాయి, తెలుగమ్మాయికి అక్కడితో తలుపు మూసేస్తారు. అదే 2007లో తమిళ దర్శకుడు రామ్ 'కట్రదు తమిళ్'లో ఆమెకు ఆనంది పాత్ర ఇచ్చాడు. 2010లో వసంతబాలన్ 'అంగాడి తెరు' తీశాడు. మద్రాసు టి. నగర్‌లో రంగనాథన్ వీధి, ఒక పెద్ద బట్టల కొట్టు, అందులో పొద్దస్తమానం నిలబడి చీరలు విప్పి చూపించే కని. రాత్రయితే మిగతా ఆడపిల్లలతో పాటు గచ్చు మీద వరసగా పడుకోవాలి. చివరికి పేవ్‌మెంటు మీద నిద్రపోతుంటే బండి మీదికొచ్చి కాళ్లు పోతాయి. ఆ సినిమాలో అంజలి మొహం చూడండి. సూపర్‌వైజరు ముందు దిగమింగిన ఏడుపు, ప్రేమించినవాడి మీద విసురు, అన్నిటికీ అడుగున కాళ్లు లాగేస్తున్న అలసట. ఈ నటిని మనం చేజేతులా వదులుకున్నాం.

2011లో 'ఎంగేయుం ఎప్పోదుం'. మనం దాన్ని 'జర్నీ' పేరుతో డబ్బింగ్‌లో చూశాం. తిరుచ్చి నర్సు మణిమేకలై, తన వెంటపడ్డ కుర్రాడితో అవయవదానానికి సంతకం చేయిస్తుంది, రక్తపరీక్షకూ పంపిస్తుంది. ఆ దబాయింపు మా కాలవగట్లది. రాజోలు సంతలో ఆడవాళ్ల బేరం విన్నవాళ్లెవరైనా ఇట్టే పోల్చుకుంటారు. 'అంగాడి తెరు'కూ దీనికీ వరసగా ఆమే ఫిలింఫేర్ ఉత్తమ నటి, తమిళంలో!

అప్పుడు మనకు మెలకువ వచ్చింది. 2013 సంక్రాంతికి 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'. అందులో సీతగా అంజలిని చూసి "అబ్బ, ఎంత మనమ్మాయిలా ఉందో" అన్నారు. మనమ్మాయిలా ఉండటమేమిటి? మనమ్మాయే. ఏడేళ్ల కిందట మీ కళ్లెదుటే ఉంది. 'సుబ్రమణ్యపురం' స్వాతి, మదనపల్లె బిందుమాధవి, హైదరాబాద్ శ్రీదివ్య, 'పరియేరుం పెరుమాళ్'లో నటించిన వరంగల్ ఆనంది, వీళ్లంతా తమిళ తెర మీద దొరికారు. ఇక్కడే ఎందుకు దొరకలేదు? 2025లో వచ్చిన 'గేమ్ ఛేంజర్'లో పార్వతి పాత్రకు అంజలిని పెట్టుకున్నదీ తమిళ దర్శకుడు శంకరే.

ఒకప్పుడు ఇలా లేదు. పెద్దాపురం అంజలీదేవి, కాకినాడ దగ్గర పుట్టిన సూర్యకాంతం, రాజమండ్రి జయప్రద తెలుగు తెరను ఏలారు. ఇప్పుడు మా కొబ్బరితోటలు కావాలి, లంకలు కావాలి, పంటు మీద పాట కావాలి, ప్రభల తీర్థం కావాలి. నాయిక దగ్గరికొచ్చేసరికి మా పిల్ల పనికిరాదు. 2006లో 'గోదావరి' అన్న పేరుతోనే సినిమా వస్తే నాయిక కలకత్తా అమ్మాయి. 2024లో 'గ్యాంగ్స్ ఆఫ్ గోదావరి' వస్తే హీరోయిన్ మంగళూరు నేహా శెట్టి. గోదావరి నీళ్లు తాగిన అంజలికి ఇచ్చింది వేశ్య రత్నమాల పాత్ర. ఆ పాత్రను నేను తక్కువ చేయను, దానికి ప్రాణం పోసింది అంజలి. బయటినుంచి వచ్చి కష్టపడే అమ్మాయిలతోనూ నాకు తగువు లేదు. నా తగువల్లా పాత్రలు పంచే చేతులతోనే.

ఇటలీ చూడండి. నేపుల్స్ పక్కన పొజ్జువోలి అనే రేవు ఊళ్లో పేదరికంలో పెరిగిన సోఫియా లారెన్‌కు ముక్కు పొడుగని కెమెరామెన్లు వంక పెట్టారు. ఆమె ముక్కు కోయించుకోలేదు. 1954లో దర్శకుడు డి సికా ఆమెను నేపుల్స్ సందులో పిజ్జాలమ్మే మనిషిగానే చూపించాడు. అదే డి సికా తీసిన 'టూ విమెన్'కు 1962లో ఆస్కార్ వచ్చింది. ఇంగ్లీషు కాని భాషలో నటించి ఉత్తమ నటి ఆస్కార్ గెలిచిన మొదటి మనిషి ఆమె. తన మట్టిలో పెరిగిన మొహాన్ని దాచకుండా ప్రపంచానికి చూపించిన దేశం అది.

మావాళ్లనూ వదలను. అమలాపురంలో షాపు ఓపెనింగ్‌కు పైరాష్ట్రం హీరోయిన్ వస్తే రోడ్డు నిండిపోతుంది. అదే వీధి పిల్ల కాలేజీ నాటకంలో వేషం వేస్తానంటే "సంబంధాలు రావు" అని నోరు మూయిస్తాం. అంజలి పేరు ఎత్తితే ఆమె నటన గురించి అడిగేవాడు ఒక్కడూ ఉండడు, పెళ్లెప్పుడని అడుగుతారు. ఇంత చులకన చేసి ఆడపిల్లలు ముందుకు రావాలంటే ఎలా వస్తారు?

మళ్లీ మా తోటల్లోకి కెమెరాలు దిగుతాయి. దిగేముందు అమలాపురం, రాజోలు, కొత్తపేట కాలేజీల్లో ఆడిషన్లు పెట్టండి. గుంపులో నిలబడే వేషాలకు కాదు, నాయిక పాత్రకు. ఎంపికైన పిల్లను తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పనివ్వండి. మొదటి సినిమా పోతే రెండోది ఇవ్వండి, అదీ పోతే మూడోది ఇవ్వండి, మీ కొడుకులకు ఇస్తున్నట్టే.