వాడి పెట్టుబడి

అబిడ్స్‌లో స్కూలు పుస్తకాలు కొనుక్కుని, నాంపల్లి స్టేషను మీదుగా పిల్లల్ని పబ్లిక్ గార్డెన్సుకి తీసుకువెళ్ళే తల్లిదండ్రులు ఎందరో! ఆ గార్డెన్సు ఎదుటే హాకా భవన్ వుంది. అందులో 2016లో పోలీసువారు ‘భరోసా’ కేంద్రం తెరిచారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. దానితో పని పడకపోతే అదృష్టమే. కాని ఈ రోజుల్లో సెల్‌ఫోను లేని యిల్లేదీ?

ఫోనులో పరిచయమైన వాడొకడు స్నేహితుడిలా మాట కలుపుతాడు. పొగుడుతాడు. ఒక్క ఫొటో పంపమంటాడు. అది చేజిక్కాక, “యింకా పంపు, లేదా డబ్బు పంపు. కాదంటే మీ నాన్నకి చూపిస్తా” అంటాడు. వాడి అసలు పెట్టుబడి ఆ ఫొటో కాదండీ, యింట్లో యేమంటారోనన్న పిల్ల భయం! ఆ భయాన్ని మనమే పెంచితే వాడి వ్యాపారం మూడు పువ్వులూ ఆరు కాయలూ. ఆడపిల్లలకే యీ బాధ అనుకోకండి, మగపిల్లలూ చిక్కుకుంటున్నారు.

“పరువు పోతుంది, పోలీసులదాకా యెందుకు?” అంటారు పెద్దవాళ్ళు. ఆ పరువు కాపాడేందుకే 2012 నాటి పోక్సో చట్టం కట్టుదిట్టాలు చేసింది. వాఙ్మూలం పిల్ల యింట్లోనే తీసుకోవచ్చు. తీసుకునే అధికారి యూనిఫారంలో వుండరాదు. రాత్రిపూట పిల్లని స్టేషనులో వుంచరాదు. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు కంటబడకూడదు. పత్రికలో పేరు వేస్తే నేరం. భరోసాలో పోలీసు సాయం, వైద్యం, న్యాయ సలహా, ధైర్యం చెప్పే మాట అన్నీ ఒక్క కప్పు కిందే దొరుకుతాయి. 2018లో అక్కడే పిల్లలకోసం కోర్టు కూడా యేర్పడింది.

మరి సంగతి తెలిసిన క్షణాన యేం చెయ్యాలి? డబ్బు పంపకండి, ఒకసారి రుచి మరిగినవాడు మళ్ళీ అడుగుతాడు. కోపంకొద్దీ ఫోను పగలగొట్టకండి. అందులోని సందేశాలే సాక్ష్యం. పిల్లల సహాయానికి 1098, సైబరు నేరాలకి 1930 నంబర్లున్నాయి. ‘టేక్ యిట్ డౌన్’ అనే ఉచిత సేవ కూడా వుంది. ఫొటో మీ ఫోను దాటి వెళ్ళదు. దాని గుర్తు మాత్రమే వెడుతుంది. ఆ సేవలో చేరిన కంపెనీలు దాన్నిబట్టి ఫొటోని పట్టుకుని తీసేస్తాయి.

యివన్నీ పిల్ల నోరు విప్పాక సంగతులు. నోరు విప్పించే పని మాత్రం యే చట్టమూ చెయ్యలేదు. “యేం జరిగినా ముందు నాతో చెప్పు, తిట్టను” అన్నమాట ఆపద వచ్చాక కాదు, యీ రాత్రి అన్నాల దగ్గరే అనండి. అన్నాక, ఆ మాట మీద నిలబడండి సుమా!