దొరకని వారికై దారి

భూగర్భశాస్త్రజ్ఞులకు సామల్పట్టి పేరు క్రొత్తగాదు. అచటి కార్బొనటైట్ శిలలను గూర్చి విద్వాంసులు వ్యాసములు వ్రాసియున్నారు. తమిళనాట జోలార్‌పేట–సేలము రైలుమార్గమున నున్న ఆ యూరి చుట్టుప్రక్కల ఇండ్లలో పలుకబడుచున్న తెనుగునకును అట్టి శ్రద్ధయే లభింపవలెనని మా యాకాంక్ష.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము వ్యవసాయపదములను రైతుల నోటనుండియే సేకరించి మహోపకారము గావించినది. కాని ఆ కృషి నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు సంబంధించినది. 2011 జనగణనమున తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడియున్నను, పల్లెపల్లెకు చెదరియున్న వారి జాడ తీయుట పరిశోధకునకు కష్టసాధ్యము. ఇందులకు నేడు వాట్సాప్, ఫేస్‌బుక్ మంచి సాధనములు.

అయితే మీ మాటలు చెప్పుడని వానిలో ప్రకటన పంపినంతనే పని నెరవేరదు. ఇంట తెలుగు మాటాడుచు బడిలో తమిళము చదివిన మనవారిలో అనేకులకు తెలుగులిపి రాదు. తెలుగక్షరముల ఆహ్వానము వారికి మూసిన తలుపు. పత్రికాభాషలో అడిగినచో, తమ పలుకు తప్పేమోనని జంకి, దానిని దిద్దుకొని బదులిత్తురు. కావున ఆ యూరి యాసలో, ఆ యూరివారి గొంతుతోనే నాలుగు మాటలు రికార్డుచేసి పంపుట మేలు. ఫోను లేని అవ్వకు మనుమరాలు దానిని వినిపించి, కళ్లమున తూర్పారబట్టునాటి మాటలను, మామిడితోట కాపునాటి మాటలను తానే అడుగవలె.

సమాజమున కంటబడక మెలగు మాదకద్రవ్య వినియోగదారులను చేరుటకు అమెరికాలో డగ్లస్ హెకథార్న్ 1997లో ప్రకటించిన పద్ధతియు ఇట్టిదే: పాల్గొన్నవారే తమ యెరికలోనివారిని పిలుచుకొని వత్తురు, అయితే ఇతరులను పిలుచుటకు ఒక్కొక్కరికి ఇచ్చు ఆహ్వానపు చీటీలు కొద్దిగానే యుండును. ఆ కట్టుబాటు మనకును అవసరము. లేనిచో చుట్టములు మెండుగా గల ఒక్క యింటి మాటయే ఊరందరి మాటగా చెలామణి యగును. ఫోనున దొరకినవారే సర్వజనులని భ్రమించుటయు అంతటి పొరపాటే.

మరియొక ధర్మము కలదు. అవ్వ గొంతు అవ్వదే. ఎందులకు రికార్డు చేయుచున్నామో, ఎవరు విందురో ముందుగా విన్నవించి, ఆమె సరేనన్న పిమ్మటనే మొదలిడవలె, వలదన్నచో తుడిచివేయవలె, గ్రూపులలో త్రిప్పరాదు. పని ముగిసినపిదప ఫలితమును ఆమెకు చెప్పిరావలె.

పరదేశములనుండి సెలవులకు ఊరు చేరు మన యువతీయువకులు ఈ పనికి ఒక్క పూట కేటాయింతురు గాక యని సవినయముగా ప్రార్థించుచున్నాము.

— సంపాదకవర్గము