హాస్యచిత్రముల గుంపును గీయుట

నేటి విద్యార్థులకు హాస్యచిత్రములయందు మక్కువ మెండు. ఒక వలయము గీయుము, రెండు చుక్కలు పెట్టుము, చెవులు చేర్చుము అని మెట్టుమెట్టుగా నేర్పు పుస్తకముల నెదుట నుంచుకొని, పరదేశపు ఎలుకను, బాతును నిమిషములో దింపుచున్నారు. ఇది తప్పని మేమనము. చేయి తిరుగుటకు అనుకరణ మవసరమే. కాని అట్లు నేర్చిన బాలుని మూడు బొమ్మల నొక్క కాగితముపై నిలుపుమన్నచో, మూడును వరుసగా నిలిచి మనవైపే చూచును. ఒకదానితో నొకదానికి పొత్తుండదు. గుంపును గీయదలచినవాడు వారి నడుమనున్న సంబంధమును ముందు గీసి, ముఖములను తరువాత గీయవలెనని మా యభిప్రాయము.

ఇందుకు తగిన పాత్రలు మన తోలుబొమ్మలాటలోనే కలవు. పురాణకథ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి జనులను నవ్వింతురు. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో తోలుపై బొమ్మలు గీసి, చెక్కి, రంగులు వేయు కుటుంబములు నేటికిని గలవు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించెను. ఆ ముగ్గురు హాస్యగాండ్రలో నే యొక్కరిని ఒంటరిగా నిలిపినను అంత నవ్వు రాదు. నవ్వు వారి కలహములో పుట్టుచున్నది.

వీరిని గీయువారు మొదట బొగ్గుతో తేలికగా నేలగీత గీసి, దానిపై మూడు అండాకారములను వేర్వేరు ఎత్తులలో నుంచవలెను. రెండవ మెట్టున ఒక్కొక్కరి వెన్నుకు నొక్కొక్క గీత గీయవలెను: బంగారక్క ముందుకు వంగును, పోలిగాడు వెనుకకు జరుగును, కేతిగాడు నడుమ దూరును. మూడవ మెట్టున ఎవరు ఎవరిని చూచుచున్నారో సన్నగీతతో గుర్తింపవలెను. నాల్గవది చేతులు. కన్నుముక్కులు లేకయే కలహ మిచ్చట తెలియవలెను. తెలియనిచో ముఖములెంత చక్కగా దిద్దినను ఫలము లేదు. అటుపిమ్మటనే జుట్టు, చీరకుచ్చెళ్లు, ముఖములు. కడపట సిరా.

బొగ్గు ముందు, సిరా వెనుక అనుట మా కల్పన కాదు. 2022 వరకు చిత్తూరు జిల్లాలోనుండి ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన శ్రీకాళహస్తిలో కలంకారీ చిత్రకారులు, కరక్కాయయు పాలును పట్టించిన బట్టపై చింతపుల్లల బొగ్గుతో పాత్రల నమర్చుకొందురు. పిదప ఇనుమును బెల్లమును నీట నూరవేసిన ద్రవములో వెదురుకలమును ముంచి గీతను స్థిరపరతురు. బొగ్గు దులిపిన పోవును. ఆ ద్రవము కరక్కాయతో గలిసి నల్లబడి బట్టలో నాటుకొనును, మరల తీయరాదు. కావున ఆలోచన యంతయు బొగ్గునాడే జరుగవలెను.

ఈ క్రమమువలన మరియొక మేలు గలదు. తోటివాని మెల్లకన్నును, ఎత్తుపండ్లను, కుంటికాలిని నోటుపుస్తకమున గీసి తరగతిలో చేతులు మార్చుటయే హాస్యచిత్రమని కొందరు తలచుచున్నారు. చూచిన పదుగురు నవ్వుదురు. బొమ్మయైనవాడు మరునాడు బడికి రానొల్లడు. ముఖముతో నారంభించువాడు లోపమును వెదకును. సంబంధముతో నారంభించువానికి ఆ యవసరము రాదు. డంబము, పిసినితనము, పిరికితనము వెన్నుగీతయందును చేతియందును కనబడును. అతిశయము లేనిదే హాస్యచిత్రమెక్కడిదని యడుగవచ్చును. అతిశయము వలదని మేమనము. దానిని భంగిమయందు చూపుడని కోరుచున్నాము. నవ్వవలసినది నడవడిని, దేహమును గాదు. పొరుగువానిని ప్రేమింపవలెనని ప్రార్థనావేళ వినుచున్న మనకు ఇది వేరుగ చెప్పవలసిన మాట కాదు.

కావున చిత్రలేఖనోపాధ్యాయులు బాలురచేత మొదట ముఖములు లేని గుంపులను గీయింతురుగాక. రాబోవు సంచికకు హాస్యచిత్రములు పంపు సోదరసోదరీమణులును, ఒంటరి ముఖములను మాని, ఒకరినొకరు చూచుకొను ముగ్గురిని గీసి పంపుదురని యాశించుచున్నాము.