ముందు స్పీకరు, తరవాత వాట్లు

సంతలో ఎద్దును కొనేవాడు కొమ్ముల వంపు చూసి మోసపోతే పోవచ్చుగాని, కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూస్తే మోసపోడు. పాటలపెట్టె కొనేవాళ్లకు ఈపాటి తెలివి కూడా లేకుండా చేసిన మాట ఒకటుంది. ఆ మాట ‘వాట్లు’. దుకాణంలో అడుగు పెట్టగానే “ఎన్ని వాట్లు?” అని అడగటం, వాడు ఎంత పెద్ద అంకె చెబితే అంత సంతోషించటం మనకు అలవాటైపోయింది. వాల్వు ఆంప్లిఫయరు దగ్గర ఈ అలవాటు బొత్తిగా పనికిరాదు. ఆ గాజుబుడ్లు ఇచ్చేదే నాలుగైదు వాట్లు. వాటిని పాటగా మార్చే భారమంతా స్పీకరు మీద ఉంటుంది.

ఈ గొడవ ఇప్పుడెందుకంటారా? 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. ఆ కాలపు వాల్వు సెట్లు పాతనగరం ఇళ్లలో ఇప్పటికీ అక్కడక్కడ అటకలమీద ఉన్నాయి. కుర్రవాళ్లు కొందరు మోజుపడి వాటిని దించి దుమ్ము దులుపుతున్నారు కూడాను. కాని వాటి జోడీ స్పీకర్లకు మాత్రం ఆ యోగం లేదు. పూర్వం ఈ నగరపు కోటగోడకు 13 దర్వాజాలుండేవి. మా యాకుత్‌పురా దర్వాజా ఏనాడో పోయింది. దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు రెండే మిగిలాయి. పెద్ద స్పీకర్ల సంగతీ అలాగే ఉంది. చోటు చాలదని తూకానికి అమ్మేస్తున్నారు. అయస్కాంతానికి ఒక ధర, రాగితీగకు ఒక ధర, టేకుపెట్టె పొయ్యిలోకి!

మా వీధిలో ఒక పెద్దమనిషి ఉన్నారు. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. బడే గులాం అలీఖాన్ పాటంటే ఆయనకు ప్రాణం. ఆ మహాగాయకుడు 1968లో మన హైదరాబాదులోనే కన్నుమూశాడు. సమాధి మా పేటకు దగ్గరలోనే, దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది. పెద్దమనిషిగారి ఆంప్లిఫయరులో చెవికొక ఇ.ఎల్. 84 వాల్వు. కొడుకు ముచ్చటపడి అరచెయ్యంత వెడల్పు స్పీకరు పెట్టెలు రెండు కొనిచ్చాడు. చూడటానికి ముద్దొస్తాయి. పాట మాత్రం దుప్పటి కప్పుకొని పాడినట్టుంది. మీట పూర్తిగా తిప్పితే గొంతు జీరపోతున్నది. దుకాణదారు విని, “వాల్వులకు వయసైపోయింది, నూరు వాట్లది తీసుకోండి” అన్నాడు. నూరు వాట్లంటే రెండు నెలల పింఛను.

“ప్రొఫెసర్ సాబ్, పాత పెట్టెలు కబాడీవాడికి ఇచ్చేస్తే ఖర్చులో కొంత కలిసొస్తుంది. ఏమంటారు?” అని అడిగారాయన.

“ఆగండి సాహెబ్, ముందు వాటిని ఒకసారి కట్టి విందాం” అన్నాను.

ఒక సినిమాహాలు మూసేసిననాడు ఆయన తండ్రి కొన్నవట అవి. 12 అంగుళాల కాగితపు కోను, నిలువెత్తు పెట్టె. వాటికి తీగలు కలిపి మీట పావువంతు తిప్పామో లేదో, ఖాన్‌గారు తాను తీసిన ఊపిరితో సహా గదిలోకి వచ్చేశాడు! లోపల నుంచి ఇంటావిడ “కాస్త తగ్గించండి” అని కబురు పంపారు. పింఛను దక్కింది, పెట్టెలూ దక్కాయి.

ఇందులో మాయమంత్రం ఏమీ లేదు. కాస్త లెక్క ఉంది. స్పీకరుకు ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో ధ్వని ఎన్ని డెసిబెల్సో కొలుస్తారు. చిన్న పెట్టెలు కొన్ని 84 దగ్గర ఆగిపోతాయి. సినిమాహాళ్ల పాత స్పీకర్లలో 96, ఆ పైన పలికేవి ఉన్నాయి. తేడా 12 మాత్రమే గదా అనుకోకండి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. 12 పెరగాలంటే నాలుగుసార్లు రెట్టించాలి, అంటే 16 రెట్లు. 96 స్పీకరు 5 వాట్లతో చేసే పనికి 84 స్పీకరు 80 వాట్లు అడుగుతుందన్నమాట. 96 స్పీకరైనా తాను తిన్నదాంట్లో నూటికి రెండు మూడు వంతులే ధ్వనిగా ఇస్తుంది, తక్కినదంతా వేడి. 84 దానికి నూటికి అరవంతు కూడా దక్కదు.

పూర్వం వాళ్లకు ఈ పొదుపు తప్పనిసరి. కదిలే తీగచుట్టతో నడిచే స్పీకరును 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు పైకి తెచ్చారు. టాకీలు వచ్చిన కొత్తలో వాట్లు బంగారంతో సమానం. కొద్దిపాటి వాట్లతో హాలంతా వినిపించాలంటే తేలికైన కోను, బలమైన అయస్కాంతం, ముందు ఒక పెద్ద బూర ఉండాలి. 1954లో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన అకౌస్టిక్ రిసెర్చ్ కంపెనీ పెట్టి, బిగుతుగా మూసిన చిన్న పెట్టెలో గాలినే స్ప్రింగుగా వాడి, లోతైన మంద్రం పలికించాడు. గొప్ప పనే. దానికి చెల్లించిన మూల్యం వాట్లు. తరవాత ట్రాన్సిస్టర్లతో వాట్లు చవకై, ఆ మూల్యం ఎవరికీ కనిపించకుండా పోయింది. చిన్న పెట్టె, లోతైన మంద్రం, కొద్ది వాట్లకే పెద్ద గొంతు: ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. వాల్వులవారు మొదటిది వదులుకోవాలి.

జుమ్మేరాత్ బజారులోనో, కోఠీ గుజరాతీ గల్లీలోనో పాత స్పీకరు కంటబడితే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. వేళ్లతో కోనును సమంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గరగరమంటే లోపలి చుట్ట రాసుకుంటున్నదని అర్థం, వదిలేయండి. అంచు కాగితమో గుడ్డో అయితే మన ఎండలకు తట్టుకుంటుంది. స్పాంజి అయితే కాలం గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. కోనుకు చిన్న చిరుగుంటే భయం లేదు, పల్చని కాగితం అతికితే సరి. కోనే కొత్తది వేసి ఉంటే మాత్రం విని చూడకుండా కొనవద్దు. బరువైన కాగితం వేస్తే స్పీకరు స్వభావమే మారిపోతుంది. మీటరు పెట్టి చూస్తే 8 ఓముల స్పీకరు 6 దగ్గర, 15 ఓములది 10 నుంచి 13 వరకు చూపిస్తుంది. ముల్లు కదలకపోతే చుట్ట తెగిందన్నమాట.

ఓములు ముఖ్యం. ఆంప్లిఫయరు వెనక 4, 8, 16 అని రాసి ఉంటుంది. స్పీకరును దాని అంకెకే కలపాలి. పాత ఇంగ్లీషు స్పీకర్లు 15 ఓములవి, వాటిని 16కు కలపవచ్చు. ఇది కుదరకపోతే యతి తప్పిన పద్యంలా నడక చెడుతుంది. 1930ల రేడియోల స్పీకర్లు కొన్నింట్లో శాశ్వత అయస్కాంతం ఉండదు, కరెంటుతో పనిచేసే తీగచుట్ట ఉంటుంది. దానికి వేరే సరఫరా ఏర్పాటు చేయనిదే నోరు మెదపదు. స్పీకరు కలపకుండా వాల్వు ఆంప్లిఫయరుకు పాట పెట్టవద్దు. లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. అడుగుమూత విప్పవద్దు, అందులో 250, 300 వోల్టులుంటాయి, స్విచ్చి ఆపినా కాసేపు నిలవుంటాయి. ఆ పని తెలిసిన మెకానిక్కుకే వదలండి.

పెద్ద గొంతు స్పీకరుకు ఒక చెడ్డగుణమూ ఉంది. ఆంప్లిఫయరులోని గుయ్యిమనే రొదను కూడా అది దాచదు, ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. అప్పుడు తప్పు స్పీకరుమీద వెయ్యకుండా, ఆంప్లిఫయరులో పాతబడిన కెపాసిటర్లు మార్పించండి.

ఇకమీదట దుకాణానికి వెళ్లినప్పుడు “ఎన్ని వాట్లు?” అనకండి. “ఒక్క వాటుకు ఎంత పలుకుతుంది?” అని అడగండి. జవాబు రాకపోతే నొచ్చుకోవద్దు. మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి వెంట తీసుకువెళ్లి, చిన్న ఆంప్లిఫయరుకు కట్టించి, మీట కొద్దిగా తిప్పి వినండి. మాట మాటగా వినిపిస్తే బేరం మొదలుపెట్టవచ్చు.